లారీ వెనక మా పేజీ

మర్రిపాడులో ఇంటి ముందు లారీ ఆపి దిగిన తండ్రి దగ్గరికి, పదో తరగతి చదివే కూతురు ఫోన్ పట్టుకొని వచ్చింది.

“నాయనా, నీళ్ళ ట్యాంకు నిండితే మోగే గంట చేసినాం గదా బళ్ళో? దానికి ఇన్‌స్టాలో పేజీ పెట్టినాం. మా క్లాసోళ్ళు తప్ప ఎవురూ చూడలా.”

“మొన్న పేజీ పేరు చెప్పినావు గదా. లారీ వెనక్కి పోయి చూడు.”

“అయ్యో, మా పేజీ పేరే! ఎంత పెద్ద అక్షరాలో! పక్కన గంట బొమ్మ గూడా! ఇక్కడ ‘సౌండ్ హారన్’ అని ఉండె గదా నాయనా?”

“చెరిపించినా.”

“మరి వెనకోళ్ళు హారన్ కొట్టి దోవ అడగరా?”

“బద్వేలు దాకా కొట్టుకోనీ. నా బిడ్డ పేజీ పేరు చదివినాకే దోవ ఇచ్చేది.”