ప్రార్థనలో పేరు

మిస్సోరీలోని ఆ తలుపుల కార్ఖానాలో పొద్దుటి ప్రార్థన ముగిసి అందరూ పట్టుకున్న చేతులు వదిలి మెషిన్ల దగ్గరికి వెళ్లారు, ఒక్క కార్మికురాలు తప్ప. పక్కవాడి చేతి చెమట ఆమె అరచేతిలో ఇంకా ఆరలేదు. మేకులు కొట్టే గన్ను తీసుకుని యజమాని గదిలోకి వెళ్లి గడియ పెట్టింది.

“ఆ మాత్రలు మన కంపెనీ కట్టే ఇన్సూరెన్సులోంచి ఎందుకు తీసేశారు సార్?”

“గర్భం రాకుండా చేసే మందుకి నేను కట్టను తల్లీ. రేపు దేవుడికి జవాబు చెప్పుకోవాల్సింది నేను.”

“నేను మింగేది అందుకా? అవి మానేస్తే నెలసరి నెత్తురు ఆగదని డాక్టరు రాసిచ్చిన కాగితం అదిగో, మీ చేతి కిందే ఉంది.”

“చదివాను. అందుకేగా వారం రోజులుగా నీ పేరు చెప్పి అందరిచేతా ప్రార్థన చేయిస్తున్నాను!”

“నిన్న మెషిను దగ్గరే కూలబడ్డాను సార్. బూట్లలోకి కారింది.”

“ఓర్చుకో తల్లీ. ఆయన నిన్ను పరీక్షిస్తున్నాడు.”

ఆమె గన్ను ఆనించి నొక్కింది. అతని అరచేతిలోంచి, ఆ కాగితంలోంచి మేకు బల్లలోకి దిగిపోయింది.

“అబ్బా! చంపేశావే రాక్షసీ! నెత్తురు... నెత్తురు ఆగట్లేదు, అంబులెన్సుని పిలువు!”

“అరవకు. రేపు పొద్దున ప్రార్థనలో నీ పేరు కూడా చెప్పిస్తాలే.”