పేపరు నుయ్యి

సాయంత్రం ఆరూ ముప్పై అయిదయింది. చిట్టబ్బాయి గేదెకి తవుడు కలిపి, చేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని పేపరు నూతి వైపు నడిచాడు. విన్నారా, పేపరు నూతి వైపు, అదీ దీపాలవేళ. యాభై ఏళ్ల పైచిలుకు ఆయన ఆ దారి తొక్కలేదు. పాలకేంద్రానికి పోవాలన్నా కాలవగట్టు చుట్టూ తిరిగి పోయేవాడు, వానలో అయినా సరే, మోకాళ్లు పట్టేసినా సరే. ఆయనొక్కడేనా? మనలో ఎవరం పోతున్నాం గనక. చప్టా పగిలిపోయి, గిలక ఎవరో ఎత్తుకుపోయి, చుట్టూ ఉమ్మెత్త మొక్కలు మొలిచిన ఆ నుయ్యి పక్కనుంచి పగలైతే సైకిలు మీద పోతాం, దీపాలవేళ అయితే పోం.

దెయ్యమని మీరంటారు. నేను కాదనను. అయితే అది ఎవరి పీకా పిసకలేదు, ఎవరి మీదా పడలేదు. దానిక్కావలసింది కాగితం. ఆ మధ్య పెంటారావు నాలుగు మిరపకాయబజ్జీలు పేపరులో కట్టించుకుని అటుగా వస్తే ఏమైంది? బజ్జీలు నాలుగూ నేల మీద వరసగా ఉన్నాయట, కాగితం లేదట. కాగితం పోతే పోయింది గానీ బజ్జీలు ఎందుకు వదిలేసిందిరా, నీ చేతివి కాబట్టా అని వాళ్ల బావమరిది ఇప్పటికీ ఏడిపిస్తాడు. నవ్వండి, పరవాలేదు. ఆ కాగితం సంగతి చెప్పాక నవ్వగలరేమో చూద్దాం.

అక్కడ ఇప్పుడు మొండిగోడ ఉంది చూడండి, అది ఒకప్పుడు చదువులగది. అంటే బడి కాదు, పేపరు చదివే గది. డెబ్బయ్యొకటిలో ఈ ఊరికి వచ్చేది ఒకే ఒక్క పేపరు, సాయంత్రం నాలుగూ నలభై బస్సుకి. అది పట్టుకొచ్చి అయిదింటికి చిట్టబ్బాయి పైకి చదివేవాడు. అప్పుడు ఇరవై మూడేళ్లవాడు, మంచి గొంతు, నత్తి లేదు, తొందర లేదు. ఊరు ఊరంతా నూతి చుట్టూ కూర్చుని వినేది. నేనూ వినేవాణ్ణి. ఆ గది కట్టించినాయన ఒక కట్టుబాటు పెట్టాడు. దీపం పెట్టాక కీడు చదవకూడదు. చావు, ప్రమాదం, తుపాను, ఏదైనా సరే, పెట్రోమాక్సు వెలిగించిన తరువాత నోట రాకూడదు. అందుకని చిట్టబ్బాయి ముందే పేపరంతా ఒకసారి తిరగేసుకుని, చెడ్డ కబురున్న కాగితం మూల మడిచి మోకాలి కింద పెట్టుకునేవాడు. మడత కబుర్లు మర్నాడు పొద్దున్న ఏడింటికి. కావలసినవాళ్లు వచ్చి వినేవాళ్లు, అక్కర్లేనివాళ్లు రారు. ఎవరికీ ఇబ్బంది లేని పద్ధతి అనుకున్నాం.

ఆ నూతి చప్టా మీదే అచ్చియమ్మ వేరుశెనక్కాయలు అమ్మేది. మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, నూకరాజు, పటాలంలో చేరి మూడేళ్లయింది. ఆవిడకి చదువు రాదు గానీ పేపరంటే మనందరికంటే ఎక్కువ తెలుసు. పొట్లాలు కట్టడానికి కాకినాడ నుంచి పాతపేపర్లు కిలోల లెక్కన కొనేది కదా, ఏ పేపరు ఎన్ని కాగితాలో, ఏది గట్టి కాగితమో చేత్తో తడిమి చెప్పేది. చదవడం అయిపోయాక చిట్టబ్బాయికి ఊరికే ఒక పొట్లం ఇచ్చేది. గొంతు ఎండిపోయుంటుంది, తిను బాబూ అనేది. వేరుశెనక్కాయలు తింటే గొంతు ఇంకా ఎండుతుంది పిన్నీ అని ఈయన అనేవాడు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

ఆ ఏడు డిసెంబరులో యుద్ధం వచ్చింది. అచ్చియమ్మ పొద్దున్న కోతలకి పోయి, సాయంత్రం బేరం పక్కన పెట్టి ముందు వరసలో కూర్చునేది. ఒక్కటే అడిగేది, మావాడి పటాలం సంగతి ఏమన్నా రాశారా అని. ఏమీ రాయలేదు పిన్నీ అంటే, రాయకపోతే మంచిదేగా అని తనే సర్దిచెప్పుకునేది.

పదిహేడో తారీకు, శుక్రవారం. బస్సు దిగేసరికే తెలిసిపోయింది, యుద్ధం అయిపోయింది, మనం గెలిచాం. ఆ రోజు జనం నూతి చుట్టూ పట్టలేదు, గోడలెక్కారు. ఒకడు డప్పు తెచ్చాడు. అచ్చియమ్మ బుట్టలో బెల్లం ముక్కలు, వేయించిన పప్పులు పోసుకొచ్చి అందరికీ పంచింది, మావాడు గెలిచాడు, మావాడు గెలిచాడు అంటూ. చిట్టబ్బాయి చేతిలోనూ పెట్టింది. ఆయన అప్పటికే పేపరు తిరగేశాడు. ఆ రోజుల్లో ఆరు పేజీల పేపరు, తెలుసుగా, పెద్ద కాగితం ఒకటి మడిచి, దాని మధ్యలో విడికాగితం ఒకటి పెట్టేవాళ్లు. ఆ మధ్య కాగితంలో, మూడో పేజీలో, అయిదో కాలమ్‌లో, కింద సగంలో, గాయపడిన మన జిల్లా జవానులు అని చిన్న అక్షరాలతో ఉంది. పదకొండు పేర్లు. ఏడోది కోలా నూకరాజు, ఊరి పేరుతో సహా.

ఆయన ఏం చేశాడు? మూల మడిచాడు. మోకాలి కింద పెట్టుకున్నాడు. మొదటి పేజీ అందుకుని చదివాడు, ఎప్పుడూ చదవనంత బాగా చదివాడు, మేము చప్పట్లు కొట్టాం. అయిదూ నలభై అయిదుకి దీపం వెలిగించారు. మడత మేమంతా చూశాం. ఇంత పండగ రోజున ఏమిటా మడత అని ఒక్కరమూ అడగలేదు. నోట్లో బెల్లం ఉంది.

చదవడం అయ్యాక అచ్చియమ్మ ఆ పేపరు తనకిమ్మంది. నూకరాజు సెలవుకొచ్చినప్పుడు చూపిస్తానంది. అందరూ ఇచ్చెయ్యరా ఇచ్చెయ్యరా అన్నారు. చిట్టబ్బాయి మధ్య కాగితం మోకాలి కిందే ఉంచుకుని పైకాగితం ఆవిడకిచ్చాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. జనం వెళ్లిపోయాక ఆయన ఆ రెండో కాగితం నూతిలో పడేశాడు. పొద్దున్నే నోటితో చెబుదాం, కాగితమెందుకు అనుకున్నాడట.

పొద్దున్నే వెళ్లాడు కూడా, అబద్ధమెందుకు చెప్పాలి. కోత చేలోకి గట్టు మీదుగా వెళ్లాడు. అచ్చియమ్మ కొడవలి పట్టుకుని నడుం ఎత్తి, ఏం బాబూ ఇంత పొద్దున్నే, ఇంకో దేశం గెలిచామా అంది. చేలో ఆడవాళ్లంతా నవ్వారు. ఈయనా నవ్వాడు. ఏంలేదు పిన్నీ, ఊరికే ఇటొచ్చాను అని తిరిగొచ్చేశాడు. మర్నాడు చెబితే నిన్నెందుకు చెప్పలేదంటుంది. ఆ మర్నాడు చెబితే రెండు రోజులెందుకు దాచావంటుంది. దాచిన కబురు అలా పెరుగుతుంది, పొట్టలో బిడ్డ పెరిగినట్టు. అదీగాక గాయమే కదా, తగ్గిపోతే ఉత్తరం వాడే రాస్తాడు కదా అని తనకి తను చెప్పుకున్నాడు. పటాలం పుస్తకంలో నూకరాజు మేనమామ ఊరు చిరునామా ఉండటం వల్ల సర్కారు ఉత్తరం అక్కడికీ ఇక్కడికీ తిరుగుతోందని ఎవరికి తెలుసు?

ఇరవై తొమ్మిదో తారీకున ఆ ఉత్తరమూ, తంతీ ఒకే పూట వచ్చాయి. గాయపడ్డాడని ఉత్తరం, ముందురోజు ఆసుపత్రిలో పోయాడని తంతి. ఇంగ్లీషు వచ్చినవాడు చిట్టబ్బాయే కాబట్టి తంతి ఆయనే చదవాలి. చదివాడు. అప్పుడు దీపాలు ఇంకా పెట్టలేదు.

ఆ ఆసుపత్రికి సామర్లకోటలో రైలెక్కితే రెండు రాత్రుళ్లు, ఒక పగలు. నేను లెక్క కట్టాను, ఆయనా కట్టే ఉంటాడు. పద్దెనిమిదిన బయలుదేరినా కొడుకు మంచం పక్కన వారం రోజులు కూర్చునేది.

అచ్చియమ్మ ఏడ్చింది, అందరు తల్లులూ ఏడ్చినట్టే. నెల తిరిగాక మళ్లీ బుట్ట పెట్టుకుని చప్టా మీద కూర్చుంది, మళ్లీ పేపరు వింది, మళ్లీ చిట్టబ్బాయికి పొట్లం ఇచ్చింది. మరుసటి ఆషాఢంలో ఒక సాయంత్రం, ఎవరూ లేకుండా చూసి ఒకటడిగింది.

"ఆ రోజు నువ్విచ్చిన పేపరులో మధ్య కాగితం లేదు బాబూ. ఏమయింది?"

బస్సులో ఎక్కడో జారిపోయుంటుంది పిన్నీ అన్నాడు చిట్టబ్బాయి. ఆవిడ ఆయన మొహం కాసేపు చూసి, ఓహో అంది. పొట్లం కట్టి చేతిలో పెట్టింది. ఇంకో రెండేళ్లు బతికింది, రోజూ పొట్లం ఇచ్చింది, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆవిడ పోయిన పదకొండో రోజునుంచి నూతి దగ్గర నీళ్లకి వెళ్లిన ఆడవాళ్లకి వినపడటం మొదలైంది, మధ్య కాగితం ఏది, మధ్య కాగితం ఏది అని. ఆ ఏడే చిట్టబ్బాయి పేపరు చదవడం మానేశాడు. బోరింగు వచ్చింది, నుయ్యి పాడుపడింది.

ఇక మొన్నటి సంగతి. సరిహద్దులో మళ్లీ కాల్పులని వారం రోజులు మీ ఫోన్లు మోగిపోయాయి కదా. మీలో సగంమంది ఈ ఐసుఫ్యాక్టరీ అరుగు మీదే ఫోన్లు పట్టుకుని ఈలలు వేశారు, ఒక పూట టపాసులు కూడా కాల్చారు. తిట్టడం లేదు, నేనూ ఒకప్పుడు బెల్లం తిన్నవాణ్ణే. ఆ టపాసుల పూట చిట్టబ్బాయి మనవడి ఫోనులో వార్తలు చూస్తున్నాడు. పైన ఒకాయన అరుస్తున్నాడు, జెండాలు ఎగురుతున్నాయి, కింద సన్నటి గీతలో అక్షరాలు పరిగెడుతున్నాయి. ఆ గీతలో పక్క మండలం కుర్రాడి పేరు వెళ్లింది, గాయపడ్డాడని. ఒక్కసారే వెళ్లింది. ఇందాక కింద ఒక పేరు వచ్చింది చూశావురా అని అడిగితే మనవడు, కిందది ఎవరు చదువుతారు తాతా అన్నాడు.

చిట్టబ్బాయి లేచాడు. తవుడు కలిపాడు. తరువాత సంగతి మొదటే చెప్పాను.

చప్టా మీద, పగలని చోటు చూసుకుని కూర్చున్నాడు. ముందు వాసన వచ్చిందట, ఇసకలో వేయించిన వేరుశెనక్కాయల వాసన. తరువాత కాగితం మెలిపెడుతున్న చప్పుడు. తల తిప్పలేదు. తిప్పితే చదవలేనని తెలుసు. గొంతు మాత్రం విన్నాడు, ఏ కోపమూ లేని గొంతు.

"మధ్య కాగితం ఏది బాబూ?"

ఆయన తువ్వాలు ఒళ్లో పరుచుకుని, దాని మీద అక్షరాలున్నట్టు వంగి చదివాడు. పదిహేడో తారీకు, శుక్రవారం, మూడో పేజీ, అయిదో కాలమ్. పదకొండు పేర్లూ వరసగా, ఊళ్లతో సహా. ఇన్నేళ్లలో ఒక్కటీ మర్చిపోలేదు. ఏడో పేరు దగ్గర ఆగి, పొట్టకీ తొడకీ గాయాలు అని చదివాడు. ఆ పదకొండు పేర్ల కింద ఇంకో వాక్యం ఉంది. అది ఆయన పెళ్లానికి చెప్పలేదు, నాకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ పూట చదివాడు.

"వీరి బంధువులు వెళ్లి చూడవచ్చునని అధికారులు తెలిపారు."

కాగితం మెలిపెట్టే చప్పుడు ఆగింది. తరువాత, ఇంకోసారి చదువు బాబూ అంది. చదివాడు. ఇంకోసారి అంది. మూడుసార్లు చదివించుకుంది. అప్పుడాయన పాత అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. చీకటి పడేదాకా చాపుకునే కూర్చున్నాడు. ఆ చేతిలో ఏమీ పడలేదు.

మర్నాడు ఇదంతా వచ్చి నాకు చెప్పాడు. మధ్యలో ఒకసారి కూడా కళ్లు తుడుచుకోలేదు. నేనేమన్నాను? మేమూ చూశాం కదరా మడత అన్నాను. నీ మాట నాకెందుకు, నాది నాకుంది అన్నాడు. ఆ పదకొండు పేర్లూ, కింది వాక్యంతో సహా, తెల్లకాగితం మీద రాసి పెట్టుకున్నాడు. అచ్చియమ్మ పెట్టె వాళ్ల చెల్లెలి మనవరాలు లోవకుమారి ఇంట్లో అటక మీద ఉంది, అందులో ఆ పేపరుంటే మధ్యలో ఈ కాగితం పెడదామని ఆయన పట్టు. లోవకుమారికి కోతలూ, పిల్ల పరీక్షలూ, తొమ్మిది రోజులు పట్టింది పెట్టె దించడానికి.

ఒకటి చెబుతాను, ఆ నూతి వైపు దీపాలవేళ పోకండి. మిమ్మల్ని ఏమీ చెయ్యదు. అయినా పోకండి. ఎందుకంటే, పెట్టె తీసినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పేపరు పైకాగితం నాలుగు మడతల్లో ఉంది, జాకెట్లో దోపుకున్నప్పటి మడతలే. దాని లోపల మధ్య కాగితం కూడా ఉంది. దానికి నాలుగు మడతలు లేవు, కాకినాడ నుంచి వచ్చే పాతపేపర్ల కట్టకి బిగించిన పురికొస గీత ఉంది. అయిదో కాలమ్‌లో ఏడో పేరు పక్కన పసుపు బొట్టు, చివరి వాక్యం కింద ఇంకో బొట్టు. ఆవిడకి అది ఎవరు చదివిపెట్టారో ఈ ఊళ్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.