కెమెరాకు ఇటువైపు

బుధవారం వస్తే న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లోని డెస్మండ్ కామిక్స్ కొట్టుకు రెండు రకాల జనం వస్తారు. కొత్త సంచిక కొనుక్కుని పోయేవాళ్ళు, కొన్నాక కూడా కదలనివాళ్ళు. కదలనివాళ్ళకు పెద్ద తలకాయ లెనీ ప్రాస్కిన్. ఒకప్పుడు పేపర్లో ఫోటోగ్రాఫరు. ఇప్పుడు కిటికీ పక్కన మడతకుర్చీ, చేతిలో కాగితం కప్పు, నోటినిండా కోతలు. మాటలు కోటలు దాటుతాయని ఊరికే అంటారు గానీ, లెనీ మాటలు హడ్సన్ నది కూడా దాటేస్తాయని కొట్టు యజమాని డెస్మండ్ అంటాడు.

ఆ మడతకుర్చీని వెతుక్కుంటూనే నిడియా వచ్చింది. మెడకు కేపులు కట్టుకుని గాల్లో ఎగిరే వీరులు రెండు ముఠాలై ఊరిమీద పడి కొట్టుకుంటుంటే, ఆ యుద్ధాన్ని కింద వీధిలో నిలబడ్డ ఒక పేపరు ఫోటోగ్రాఫరు కళ్ళతో చూపించే కామిక్ ఒకటి ఏడాదిగా వస్తోంది. దానికి బొమ్మలు వేసేది ఆమే. ఇక చివరి పేజీ ఒక్కటే మిగిలింది. ఆ పేజీలో ఒక మనిషి మొహం వేయాలి. ఆ మొహాన్ని చూసినవాళ్ళలో ఇంకా బతికున్నవాడు తనకు తెలిసి లెనీ ఒక్కడే. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఆమె పాత సంచికల పెట్టె మీద కూర్చుంది.

"ఇందులో కెమెరావాడున్నాడే, అచ్చం నేనే," అని లెనీ కొత్త సంచిక ఊపుతూ అందుకున్నాడు. "ఆ ముక్కు చూడండి. బొమ్మలేసినావిడెవరో నన్నెక్కడో చూసే ఉంటుంది. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ..."

"నువ్వెప్పుడు చెప్పుకున్నావులే పాపం," అంది ఒరాలీ. ఆవిడ సిటీ బస్సు నడిపి రిటైరైంది. డోనట్ తింటూ లెనీని సతాయించడం ఆవిడకు బుధవారం పని.

"విను మరి. ఆ రోజుల్లో ఇక్కడ ఏ రోజు చూసినా ఏదో ఒక ఇల్లు తగలబడుతూనే ఉండేది. ఒకరోజు పొద్దున్నే రెండు వీధులవతల నిప్పంటుకుందని కబురొచ్చింది. కెమెరా భుజానేసుకుని పరిగెత్తాను. ఫైరింజను కంటే నేనే ముందు చేరాను. చేరడమేంటి, అది మలుపు తిరగలేక ఇరుక్కుంటే వెనక్కెళ్ళి ఒక్క తోపు తోశాను."

"ఫైరింజన్నా?" అన్నాడు డెస్మండ్.

"అప్పట్లో నా భుజాలు నువ్వు చూళ్ళేదు. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో అంతస్తు కిటికీలో ఒక తల్లి, చేతుల్లో పాప, వెనకాల మంట. కిందేమో జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, ఒక్కడూ ముందుకు రాడే! నేనెళ్ళాను. 'వదిలెయ్యమ్మా, లెనీ ఉన్నాడు కింద!' అన్నాను. వదిలేసింది. ఇదిగో, ఇలా, రెండు చేతులూ చాచి పూలబుట్టను పట్టినట్టు పట్టేశాను."

నిడియా తన సంచిలో చెయ్యి పెట్టి ఒక కాగితాన్ని తడిమింది.

"అంతటితో అయిందా? పక్క కిటికీలోంచి ఇంకో పిల్లాడు. పాపను చంకనేసుకుని వాణ్ణీ పట్టాను. వాడి వెనకాల వాళ్ళ ముసలమ్మ. ముసలమ్మ వెనకాల ఆవిడ పియానో."

"పియానోనే!" అంది ఒరాలీ. "నేలకు దిగేదాకా వాయిస్తూనే ఉందంటావా?"

"నీకెలా తెలుసు? అక్కడున్నావా ఏంటి? ఒక్క తీగ తెగితే ఒట్టు. ఇంతలో చటుక్కున చీకటి కమ్మింది. తలెత్తి చూస్తే ఎవరనుకున్నారు? ఇదిగో, ఈ బొమ్మలోని కేపువాడే! అంతెత్తున గాల్లో ఆగి, 'సాయం కావాలా లెనీ?' అన్నాడు. 'ఇక్కడ పనైపోయింది నాయనా, నువ్వెళ్ళి బ్రూక్లిన్ సంగతి చూసుకో' అన్నాను. పాపం, సిగ్గుపడి కేపు మొహానికి అడ్డం పెట్టుకుని ఎగిరిపోయాడు!"

కొట్టంతా నవ్వింది. నిడియాకు నవ్వు రాలేదు. అబద్ధమాడాడని ఆమెకు కోపం లేదు, కానీ భయం వేసింది. ఇన్ని బుధవారాలు ఇదే కథ చెప్పి, చెప్పిన ప్రతిసారీ ఆ పాపను తనే పట్టుకుంటూ వచ్చి, అసలు పట్టుకున్నవాణ్ణి ఈ పెద్దాయన మర్చిపోయి ఉంటే? అప్పుడు ఆ మనిషి ఎక్కడా లేనట్టే. ఆమె పెట్టె మీదనుంచి లేచింది.

"పెద్దాయనా, నాదొక్క సందేహం. పాపను రెండు చేతులా పట్టుకున్నారు కదూ?"

"రెండు చేతులా!"

"మరి పేపర్లో వచ్చిన ఫోటో ఎవరు తీశారు?"

ఒరాలీ పకపకా నవ్వబోయి, నిడియా మొహం చూసి ఆగిపోయింది. నిడియా సంచిలోంచి పాత పేపరు ముక్క తీసి గాజు బల్ల మీద పరిచింది. పొగలో ఒక కిటికీ. కిటికీలోంచి చాచిన రెండు ఖాళీ చేతులు. గాల్లో చిన్న గౌనేసుకున్న పాప. కింద చేతులు చాచి నిలబడ్డ మనిషి, మనకు వీపు మాత్రమే కనబడుతుంది. అడుగున ఫోటోగ్రాఫరు పేరు లెనీ ప్రాస్కిన్ అని అచ్చయి ఉంది.

"ఆ గాల్లో ఉన్నది నేనే," అంది నిడియా.

లెనీ పేపరు వంక చూడలేదు. ఆమె వంకే చూశాడు. కప్పు పక్కన పెట్టాడు. నోటినిండా ఉన్న కోతలన్నీ ఎటు పోయాయో, గొంతు సన్నగా వచ్చింది.

"నిడియా కింటానా, మూడేళ్ళు," అన్నాడు. ఫోటో కింద పేరూ వయసూ తప్పు పడకూడదని ఆ రోజు పక్కింటావిణ్ణి అడిగి రాసుకున్నవాడు ఆయన. "ఏం కావాలమ్మా నీకు?"

"ఆయన మొహం కావాలి. నన్ను పట్టుకున్నాయనది. ఎన్నిసార్లు వేసినా వీపు దగ్గరే ఆగిపోతున్నాను. ఈ కామిక్ బొమ్మలు నేనే వేస్తాను. చివరి పేజీ ఆయనది."

లెనీ కళ్ళజోడు తీసి చొక్కా అంచుకు తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నువ్వు మీద పడేసరికి అతను వెనక్కి పడి రోడ్డు మీద కూలబడ్డాడు. అప్పటికే నా రీలు అయిపోయింది. కొత్తది ఎక్కిస్తున్నాను, అందుకే ఆ తర్వాత జరిగినదానికి ఫోటో లేదు. అతను లేచాడు. లేచి నిన్ను తలకంటే పైకి, చేతులు పోయినంత పైకెత్తి ఆ కిటికీకి చూపించాడు. మీ అమ్మకు, పాప బతికే ఉందని."

నిడియా ఫోటోలోని ఖాళీ చేతుల వంక చూసింది. "అమ్మ చూసిందా?"

"చూసింది. తల ఊపింది. ఆ ఊపడం నేను చూశానమ్మా, ఈ కళ్ళతో. ఆ తర్వాత పొగ కమ్మేసింది."

ఆమె ఏడ్చేసింది. ఇన్నేళ్ళూ ఆ ఫోటోలోని ఖాళీ చేతులు చూసి, తను నేలకు చేరిందో లేదో తెలియకుండానే అమ్మ ఆ మంటల్లో పోయిందని అనుకుంటూ వచ్చింది. డెస్మండ్ తలుపుకు 'మూసి ఉంది' అట్ట తిప్పాడు. ఒరాలీ తన కుర్చీ ఇటు జరిపి ఆమెను కూర్చోబెట్టింది.

"అతని పేరేంటి?" అనడిగింది నిడియా, కళ్ళు తుడుచుకుని.

"అడిగాను. పనికి ఆలస్యమైందన్నాడు. నిన్ను పక్కింటావిడ చేతిలో పెట్టి, అన్నం డబ్బా తీసుకుని వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు."

నిడియా పెన్సిలు తీసింది. లెనీ పక్కకొచ్చి వంగి చూశాడు. వీరుల బొమ్మలకు అలవాటుపడ్డ చెయ్యి కదా, గీత మొదలవుతూనే భుజాలు వెడల్పుగా సాగిపోయాయి.

"అంత వెడల్పు కాదు. తగ్గించు," అన్నాడు లెనీ.

ఆమె చెరిపి తగ్గించింది.

"ఇంకా తగ్గించమ్మా. పొట్టివాడు. కాస్త పొట్ట. చెవులు బయటికి. మొహంలో భయం, చాలా భయం. భయపడుతూనే చేతులు చాచాడు."

కొంచెం కొంచెంగా కాగితం మీద ఒక మామూలు మనిషి తేలాడు. లెనీ చూసి అవునన్నట్టు తలాడించాడు.

"మీరెక్కడ నిలబడ్డారో చెప్పండి. మిమ్మల్నీ వేస్తాను," అంది నిడియా.

లెనీ బొమ్మ మీద వేలు పెట్టి, కాగితం అంచు దాటించి, తన ముందున్న ఖాళీ బల్ల మీదికి తెచ్చి ఆపాడు.

"నన్నెందుకు? నేను కెమెరాకు ఇటువైపున్నాను," అన్నాడు.