పడుగు పక్కన నడిసిన శంకరి

చౌడమ్మ కోడలు శంకరికి కోడికూతప్పుడు నొప్పులు మొదలైనాయంట. తొలికాన్పు. తల్లి లేని పిల్ల, అందుకని అత్తగారింట్లోనే పురుడు. ఏమైందంటే, ఆ పొద్దు వీదిలో పడుగు సాపిండారు. మగ్గాలోళ్ల వీది కదా, ఈ కొసనుంచి ఆ కొసదాకా దారాలు లాగి గంజి పెడతారు. నొప్పులు పడే పిల్ల ఆ పడుగు పక్కన నడిస్తే, లోపల బిడ్డ మెడకు పేగు సుట్టుకుంటాదని వాళ్ల పట్టింపు. అందుకే చౌడమ్మ తలుపేసి, కోడల్ని సాపమీద పండబెట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా "ముక్కమ్మీ, ముక్కు" అంటా కూసునె. పొద్దెక్కేతలికి పిల్ల తోటకూర కాడ మాదిరి వాడిపాయె. "అత్తా, నా చేత కాదు, నేను సచ్చిపోతా" అనె. చౌడమ్మ మంత్రసానికి కబురంపె.

అప్పుడొచ్చె మంత్రసాని హుసేనమ్మ. దూదేకులామె, నోరు కొంచెం పెద్దదనుకో. చెయ్యి పెట్టి సూసి, "ఎవురు ముక్కమన్నేది? బిడ్డ ఇంకా గడప కాడికే రాల్యా, దీని బలమంతా ఇప్పుడే పిండేస్తిరి! లేపు. గంజి తాపు. నడిపించు. నొప్పొస్తే నిలబడి ఊపిరి వదలాల, నొప్పి పోతే ఒళ్లు వదలాల" అని అరిసె. "యాడ నడిపించాల? ఇంట్లో రెండు మగ్గం గుంతలు, అడుగేసే జాగా లేదు. బయట పడుగుండాది" అనె చౌడమ్మ. "ఉంటే ఉండనీ. ఇట్లే పండబెట్టి ముక్కిస్తే అసలు టయానికి దీనికి సత్తువ మిగల్దు. అప్పుడు నేనూ ఏం జేయలేను" అనె హుసేనమ్మ.

చౌడమ్మ గడపలో నిలబడిపాయె. ఎందుకంటే, అమ్మా, ఆమె తొలిచూలు బిడ్డ పేగు మెడకు సుట్టుకొనే పాయె. "పడుగు పక్కన నడిసింటావు" అని ఊరంతా అనె. ఆమె నడవల్యా. రెండు దినాలు సాపమీదనే పండుకొనుండె. అయినా పాతికేండ్లు ఎవురికీ ఎదురు చెప్పల్యా, తప్పు తనదేనేమో అనుకుంటా బతికె. ఇప్పుడు గడపలో నిలబడి ఆలోచన జేసె: నడవకపోయినా సుట్టుకునె గదా. నడిస్తే సుట్టుకుంటాదని మరి ఎవురు సూసొచ్చినారు?

తలుపు తీసె. మగోళ్లు గంజికుంచెలు పట్టుకొని "ఓ చౌడక్కా, ఇదేం పని!" అని లేసిరి. "పక్కకి జరగండ్రా" అనె, అంతే. కోడలి నడుం పట్టుకొని పడుగు పొడుగునా నడిపించె. పది అడుగులు. నొప్పొస్తే అత్త మెడ పట్టుకొని యాలాడేది, తగ్గితే రెండు గుక్కల గంజి, భుజం మీదనే ఓ కునుకు. మళ్లీ పది అడుగులు. పిల్ల మొగంలోకి కళ వచ్చె. మద్యాన్నం హుసేనమ్మ "ఇప్పుడు ముక్కు, ఇప్పుడు తీయి నీ బలమంతా" అంటే, అంత సత్తువ యాడ దాసుకునిందో గానీ, నాలుగు నొప్పులకే బిడ్డ తల బయటికొచ్చె.

సూస్తే, మెడకు పేగు ఒక సుట్టుండాదంట! చౌడమ్మకు పై పానం పైకే పాయె. హుసేనమ్మ వేలు దూర్చి, గాజు తీసినట్ల తీసేసె. ఆడపిల్ల, కెవ్వుమనె. "ఇది శానామందికి ఉంటాదిలే చౌడమ్మా. నడిసినోళ్లకీ ఉంటాది, నడవనోళ్లకీ ఉంటాది" అనె. చౌడమ్మ ఆడనే కూలబడి ఏడ్సె. మనవరాలొచ్చిన సంతోసమనుకునిరి అందరూ. ఆమె ఏడ్సింది తన తొలిబిడ్డకు. ఆ బిడ్డ పుట్టినప్పుడు ఇట్ల వేలు దూర్చి తీసేవాళ్లు ఎవురూ లేకపాయిరి.

అదమ్మా సంగతి. ఏమ్మీ, కడుపుతో ఉండే పిల్లా, మూలన కూసోని నువ్వేంటికి ముక్కు చీదుతావు? నీకింకా నెల దినాలుండాది. లేసి, గంజి తాగి, వాకిట్లో నాలుగు అడుగులు తిరుగు పో.