అర చుట్టు

ఆఁ, ఫెన్నా, రా రా. తలుపు గట్టిగా నెట్టు, వానకి బిగుసుకుంది. మళ్లీ పడ్డావా? చెప్పక్కర్లేదులే, ఆ మోచెయ్యే చెప్తోంది. కొన్న రోజునే అన్నాను కదే తల్లీ, ఇది నీ పాత సైకిలు కాదని. వెనక్కి వాలి, కాళ్లు ముందుకి చాపి తొక్కేది ఇది. పైగా లాగేది వెనకచక్రం కాదు, ముందుచక్రం. పెడళ్లూ చైనూ అన్నీ ఆ ముందుచక్రానికే తగిలించి ఉంటాయి, చక్రం ఎటు తిరిగితే అవీ అటే. కుడికాలితో గట్టిగా తొక్కావా, చక్రం ఎడమకి పోతుంది. ఎడమకాలితో తొక్కితే కుడికి. నువ్వేమో హ్యాండిలు పట్టుకుని దాన్ని ఆపాలని చూస్తావు. నీ కాళ్లకీ నీ చేతులకీ తగువు, మధ్యలో నేలకి నువ్వు. పుట్టినప్పట్నుంచీ సైకిలు తొక్కినవాళ్లకే ఇది రాదు, ఏమీ రానివాళ్లకి గంటలో వచ్చేస్తుంది. సరే, ఎక్కించు స్టాండు మీదకి. కాఫీ పోసుకో. బిస్కత్తు ఒకటి తీసుకో, ఒకటే. ఆ, డబ్బా మూత పెట్టెయ్. వచ్చినవాళ్లకి ఒక్కటే. మా అమ్మ అంతే, మేమూ అంతే.

చూశావా, ఈ పెడళ్ల గొట్టం నీ కాలికి రెండు వేళ్లు పొడుగుంది. అమ్మినవాడు వాడి కాలు కొలిచాడేమో! మడమ పెడలు మీద పెడితే మోకాలు నిటారుగా రావాలి, అంతకంటే ఒక్క వేలు ఎక్కువైనా నడుం సీట్లో జారుతూనే ఉంటుంది, తక్కువైతే మోకాళ్లు అరుగుతాయి. ముందు ఇది సరిచెయ్యకుండా తేలిక చక్రాలు కావాలీ, కొత్త బ్రేకులు కావాలీ అంటావు. ఇల్లు కట్టకుండానే గృహప్రవేశం ముహూర్తం అడిగినట్టుంది. ఏంటి? ఏదీ, ఆ పైన కొక్కేనికి వేలాడేదా? అదీ నీ సైకిలు జాతిదే. అమ్మడానికి కాదు. అది వొబ్బెది.

నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందు మాట. వొబ్బె పక్కనున్న ఫ్రీస్‌లాండ్ జిల్లా నుంచి వచ్చాడు, ఈ సముద్రం తోడి నేల చేసిన కొత్తలో, మా అందరిలాగే. నలభై ఆవులు. మిషన్లు రాకముందు అన్నిటికీ చేత్తోనే పాలు పిండాడు. చేతులు పోయాయి. పోవడమంటే తెగిపోవడం కాదు, వేళ్లు ముడుచుకోవు. చెంచా పట్టుకోలేడు, బొత్తాం పెట్టుకోలేడు. అవన్నీ వాడి పెళ్లాం ఔక్య చేసిపెట్టేది, వాడు పట్టించుకోలేదు. కానీ హ్యాండిలు పట్టుకోలేకపోయాడు చూడు, అక్కడ కుంగిపోయాడు. ఈ ఊళ్లో సైకిలెక్కలేనివాణ్ణి ఏం చేస్తారు? బ్యాటరీ బండిలో కూర్చోబెట్టి వెనకో నారింజ జెండా గుచ్చుతారు. పోయినవాళ్లందరూ మంచివాళ్లే అంటారు గానీ వీడు మంచివాడేం కాదు, నోటి దురుసు, చర్చిలో పాటకి గొంతు కలిపితే పక్క బెంచీ ఖాళీ. ఏం చెప్తున్నాను? ఆఁ, జెండా. "ఒరే సీట్సా, నేనా జెండా కింద కూర్చునే ముందు నన్ను కాలవలో తోసెయ్యిరా" అనేవాడు నాతో.

ఎక్కడ చూశాడో ఈ ముందుచక్రం సైకిలుని. కాళ్లతోనే తిప్పుకోవచ్చు, చేతులతో పనే లేదు, అది పట్టుకున్నాడు. వాడు బొమ్మ గీయించాడు, నేను గొట్టాలు అతికి తయారుచేశాను. హ్యాండిలుకి బదులు రెండు కొక్కేలు, మణికట్లు ఆనించుకోడానికి. ఇక నేర్చుకోవడం! చర్చి పక్కన బళ్లు నిలిపే చోట, రోజూ పొద్దున్నే. పదకొండు సార్లు పడ్డాడు, పదకొండోసారి మెడ కింద ఎముక విరిగింది. ఔక్య వచ్చింది, నడుం మీద చేతులు పెట్టుకుని. "ఇంకొక్కసారి పడ్డావంటే ఆ ఇనుము పాత సామానుకి, నువ్వు బ్యాటరీ బండికి. ఒప్పుకుంటావా?" వీడు "ఒప్పుకున్నా" అన్నాడు. ఫ్రీస్‌లాండ్ వాళ్లు మాటంటే మాటే, వాళ్ల తలకాయలూ అంతే.

మరి నేనూ ఎక్కాను, నవ్వకు. అప్పటికే ముప్ఫై ఏళ్లుగా సైకిళ్ల షాపు నడుపుతున్నవాణ్ణి. మూడుసార్లు ఎక్కాను, మూడుసార్లూ చర్చి గోడకే పోయాను. వొబ్బె పళ్లు బయటపెట్టి, "సీట్సా, దేవుణ్ణి అంత దగ్గరగా చూడాలని ఉంటే ఆదివారం రావచ్చు కదరా!" అన్నాడు. పాస్టరు భార్య కిటికీలోంచి చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను పడడమేంటి, సైకిల్లోనే ఏదో తేడా ఉంది అనుకున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకో.

ఆ ఎండాకాలం అంతా పడలేదు వాడు. ఒక్కసారి కూడా. మా ఊరి నుంచి సముద్రం కట్ట దాకా పోయి వచ్చేవాడు, పధ్నాలుగు కిలోమీటర్లు, పడమటి గాలి మొహాన కొడుతుంటే. నేలకి ఆనుకుని పోతాడు కదా, గాలికి దొరకడు. పందెం కుర్రాళ్లు వంగి వంగి తొక్కుతుంటే వీడు పక్కనించి, పడకేసినవాడిలా, చేతులు పొట్ట మీద పెట్టుకుని, "బాబులూ, నడుం నొప్పా?" అని అడిగి దాటిపోయేవాడు. కట్ట మీద ఉప్పుచేప అమ్మే బండి దగ్గర ఆగి, ఆ బండి అమ్మాయి చేపని తోక పట్టుకుని నోటికి అందిస్తే తినేసి వచ్చేవాడు. మనిషి మారిపోయాడే. ఔక్య కూడా మెత్తబడింది.

సెప్టెంబర్లో వచ్చాడు. "బ్రేకు మార్చరా, మణికట్టుతో నొక్కలేకపోతున్నాను. పెడళ్లు వెనక్కి తొక్కితే ఆగేది ముందుచక్రంలో పెట్టు." మంచి ఆలోచనే. చక్రం విప్పాను, కాలి బ్రేకు పెట్టాను, చైను సరిచేశాను. అంతా అయ్యాక ముందు ఫోర్కు, అదే చక్రాన్ని పట్టుకునే కొమ్ము, పట్టుకు చూస్తే వదులుగా ఉంది. నీ సైకిలుకీ ఉంది చూడు, ఇదిగో, ఇక్కడ, ఈ పెద్ద నట్టు. నా షాపులోంచి హ్యాండిలు వదులుగా ఉన్న సైకిలు ఒక్కటి కూడా బయటికి పోలేదమ్మా, అప్పటికి ముప్ఫై ఏళ్లలో. అదిగో, నేను గోడకి పోవడానికి కారణం ఇదే అనుకున్నాను. బిగించాను. ఎక్కువ కాదు, అర చుట్టు. వాడికి చెప్పలేదు. చెప్పడానికేముంది, మంచే చేశాను కదా అనుకున్నాను.

మర్నాడు నీళ్లు తోడే పంపు ఇంటి దగ్గర మలుపులో కాలవలో పడ్డాడు. నడుం లోతు నీళ్లు, పైన పచ్చగా నాచు. గట్టు పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోవు కదా, అలాగే నిలబడ్డాడట అరగంట, పాల లారీవాడు చూసి లాగేదాకా. సాయంత్రం ఔక్య సైకిలుని తోపుడు బండిలో తెచ్చింది. "తీసుకో. ముక్కలు చేస్తావో ఏం చేస్తావో. బాతు అడ్డమొచ్చిందట, బాతు!" వెనకాల వొబ్బె. తల్లో ఇంకా నాచు ఉంది. నా మొహం చూడలేదు. "మాట ఇచ్చాను, అయిపోయింది" అన్నాడు.

వాళ్లు పోయాక స్టాండు మీద పెట్టాను. ముందుచక్రాన్ని ఇలా పక్కకి తోశాను. ఈ రకం సైకిలుకి అది తన బరువుకి తనే వాలిపోవాలి, బొత్తిగా ఆపు ఉండకూడదు. కాళ్లతో తిప్పేవాడికి ఆ వదులే హ్యాండిలు. అది వాల్లేదు. నేను పెట్టిన చోటే నిలబడింది. బాతూ లేదు, గీతూ లేదు. అప్పుడే పోయి చెప్పాల్సింది. ఔక్యా, తప్పు వాడిది కాదు, నాది, వాడి సైకిలు వాడికిచ్చెయ్ అని. ఆమె ఇచ్చేసేదే. రేపు చెప్దాం అనుకున్నాను. అంతే, ఆ రేపు రాలేదు, పోనీ.

తరవాత ఆరేళ్లు వచ్చాడు వాడు, ప్రతి గురువారం, బ్యాటరీ బండిలో, వెనక జెండాతో. కప్పులో సన్న గొట్టం వేసుకుని కాఫీ పీల్చేవాడు. ఒక బిస్కత్తు, నేను మూత పెట్టడం, "నీ డబ్బా కన్నా బ్యాంకు నయంరా" అనడం. ఇక ఈ సైకిలుని బాగుచేయించడం! సీటు ఇంకొంచెం వాల్చమన్నాడు, వాల్చాను. టైరు సన్నది వెయ్యమన్నాడు. ముందు చక్రం జారుతుందని మళ్లీ కాస్త లావుది. గేర్లు చక్రంలోపలే ఉండేవి తెప్పించాడు. "ఎవడు తొక్కుతాడురా దీన్ని?" అంటే, "నువ్వైతే కాదులే, గోడలు పాడు" అనేవాడు. ప్రతి మరమేకూ ముట్టుకున్నాం. ఆ పెద్ద నట్టు మాత్రం వాడు అడగలేదు, నేను ముట్టుకోలేదు. నేనొక్కణ్ణే ఉన్నప్పుడు వదులు చెయ్యొచ్చు కదా అంటావా? చేస్తే వాడు చూస్తాడు కదే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే.

ఆఖరి గురువారం ఫిబ్రవరి. మనిషి సగమయ్యాడు. బిస్కత్తు తిన్నాడు, నేను మూత పెట్టాను. కాసేపు సైకిలు వంక చూసి, మామూలుగానే, టైర్లో గాలి కొట్టమన్నట్టు, "సీట్సా, ఆ పెద్ద నట్టు అర చుట్టు వదులు చెయ్యరా" అన్నాడు. అర చుట్టు. కొంచెం అనలేదు. ఒక చుట్టూ అనలేదు. రెంచి తీసుకున్నాను, వదులు చేశాను. వాడు బండిలోంచి కాలు చాపి ముందుచక్రాన్ని బూటుతో తోశాడు. వాలిపోయింది. "ఆఁ" అన్నాడు.

నేనా? డబ్బా మూత తీసి, ఇంకోటి తీసుకోరా అన్నాను. రెండు మణికట్ల మధ్య పట్టుకుని తిన్నాడు.

సరే, చాల్లే, కాఫీ చల్లారింది. కాలు పెట్టు, మడమ, మడమ పెట్టమంటున్నాను. మోకాలు సరిపోయిందా?