అరకులో బెంగుళూరు గుర్రాలు

“మీ చెల్లెలితో వేగలేకపోతున్నానండీ. బెంగుళూరు నుంచి ఫోన్ చేసి గంటసేపు మొగుడి మీద ఏడుపే. వానకి ఇవాళ అక్కడ గుర్రప్పందాలు రద్దయ్యాయట. ఆయన ఇంట్లో కూర్చుని పకోడీలు వెయ్యమంటున్నారట.”

రిపోర్టు కవరుకి జిగురు రాస్తున్న అరకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చెయ్యి ఆగిపోయింది. భార్య కాఫీ గ్లాసు ఆయన పక్కన పెట్టింది.

“రద్దేటే? పందేల లైసెన్సు అడిగారని మధ్యాహ్నం తనిఖీకెళ్లి ఇక్కడి క్లబ్బు టీవీలో నా కళ్లతో చూశాను. అక్కడ పరుగెడుతుంటే ఇక్కడ కనబడుతోంది.”

“ఎండ కాసిందా అక్కడ?”

“ఫెళ్లున.”

“అయితే ఎప్పటి పందెమో క్యాసెట్ వేశారన్నమాట. ఏ గుర్రం గెలుస్తుందో సెక్రటరీ ముందే చెప్పలేదూ?”

“మూడుసార్లు చెప్పాడు. గుర్రాల సంగతి బాగా తెలిసినవాడనుకున్నాను.”

“రిపోర్టులో ఏటి రాశారు?”

“ప్రసారం నేరుగా వస్తోంది, పందేలకి లైసెన్సు ఇవ్వొచ్చని.”

“బాగుంది. మనకి కాఫీ గింజలిచ్చే భీముడు ఈసారి పంట డబ్బంతా ఆ క్లబ్బులో దొంగచాటుగా ఆ క్యాసెట్ మీదే కాశాడు. లైసెన్సొస్తే వచ్చే పంటా కాస్తాడు. అతనికేం చెబుతారు?”

ఆయన కవరు చింపాడు.

“నేనే తప్పు రాశానని చెబుతాను. బేగి ఇంకో తెల్లకాగితం ఇయ్యి.”