చెయ్యి ఆగిన చోటు

భయపడేవాడు మరొకరిని నడిపించగలడా అనే సందేహం నాకు ఏళ్ల తరబడి ఉంది. నార్త్ కరోలినాలో పారాచూట్ దళానికి ట్రక్కు నడిపేవాణ్ణి. ఒక మధ్యాహ్నం, సైనికులు విమానం ఎక్కబోతుండగా, ఒక కొత్త సార్జెంటు, తలపండిన మరో సార్జెంటు నా ట్రక్కు పక్కన మాట్లాడుకున్నారు.

"సార్జెంట్, మన కుర్రాడు ట్రెంట్ పారాచూట్ పట్టీలు తడిమి చూస్తుంటే ఎవరో నన్ను పిలిచారు. పలికాను. నా చెయ్యి ఎక్కడ ఆగిందో గుర్తులేదు."

"అయినా అంతా సరిగ్గా ఉందని వీపు తట్టి పంపేశావా?"

"పంపేశాను."

"మధ్యలో ఆగితే మళ్లీ హెల్మెట్ నుంచి మొదలుపెట్టాలి. తెలీదూ?"

"తెలుసు. ఇప్పుడు వెనక్కి పిలిస్తే అందరూ నవ్వుతారు. కెప్టెన్ గడియారం చూస్తున్నాడు."

"నవ్వనీ. వాడి తల్లికి కబురు చెప్పడం కంటే నయం. భయం వేస్తోందా?"

"మీకెప్పుడూ భయం వెయ్యలేదా?"

"తొమ్మిదేళ్ల కిందట వేసింది, నువ్వు మొదటిసారి దూకిన రోజున. నీ పట్టీలు చూస్తుంటేనే నా చెయ్యి తప్పింది. సిగ్గుపడి వెనక్కి పిలవలేదు. నీ కాళ్లు నేల తాకేదాకా దేవుడికి మొక్కుతూనే ఉన్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఇప్పుడు చెప్పాగా. పరిగెత్తు!"

కొత్త సార్జెంటు ట్రెంట్‌ను వరుసలోంచి బయటికి లాగాడు. నేను స్టీరింగ్ పట్టుకుని ప్రార్థిస్తూ చూశాను. కాలి పట్టీ కొక్కెం సగమే పడి ఉంది. దాన్ని సరిచేసి, పాలిపోయిన ముఖంతో పెద్దాయన దగ్గరికి తిరిగి వచ్చాడు.

"ఇంక నువ్వు నిలబడు."

"నా పట్టీలు ఇందాకే చూశారు కదా, సార్జెంట్?"

"అది ఇవాళ్టిది. ఇది తొమ్మిదేళ్ల నాటి బాకీ."

పెద్దాయన అతని హెల్మెట్ మీద రెండు చేతులూ పెట్టి, మెల్లగా కిందికి తడుముతూ వచ్చాడు. ఎవరో పిలిచారు. ఆయన పలకలేదు. ఆఖరి పట్టీ దాకా చూసి, అప్పుడు వీపు తట్టాడు.